నలుపు తెలుపుల గళ్ల బట్ట

స్త్రీలు కట్టు బట్టను గూర్చి మన యిండ్లలో రెండు విధముల మాటలే వినవచ్చుచుండును. పెండ్లికి, పండుగకు కట్టు బట్టను గూర్చి దినములతరబడి చర్చింతుము. ప్రతిదినమును కట్టు బట్టను గూర్చి ‘ఏదో యొకటి’ యని విడిచిపెట్టుదుము. ఏడాదికి పది దినములు కట్టు పట్టుచీరకు బీరువాలో కలరా ఉండల కాపుదల; తక్కిన దినములన్నియు ఒంటిమీదనుండు నూలుబట్టకు ఆలోచనయైనను లేదు. ఈ వ్యత్యాసము నాకు చిరకాలమునుండి వింతగా తోచుచున్నది.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు కాపురముండు మా వంటివారికి ఇది ఉపేక్షింపదగిన విషయము కాదు. పూర్వము ఈ గ్రామముల స్త్రీలలో పెక్కండ్రు పొలమునకో, చెఱువుగట్టునకో పోయి వచ్చెడివారు. నేడు నాగపురము దారిన మేడ్చల్ వైపునను, కరీంనగరు దారిన శామీర్‌పేట వైపునను కర్మాగారములు, విద్యాలయములు వెలసినవి. తుర్కపల్లి చెంత ఔషధ పరిశోధనశాలలు లేచినవి. 2023వ సంవత్సరమున మేడ్చల్‌కు ఎమ్‌ఎమ్‌టీఎస్ రైలును వచ్చినది. తెల్లవాఱకముందే వంట ముగించి, బస్సులోనో రైలులోనో నిలువబడి పోయి, పగలంతయు పనిచేసి, దీపాలవేళకు ఇల్లు చేరు స్త్రీలు వీథివీథిని ఉన్నారు. వారికి బట్ట అలంకారము మాత్రమే కాదు, పనిముట్టు కూడను. కత్తిపీటకు పదునుండవలెనని కోరినట్లే, బట్ట పనికి ఒదుగవలెనని కోరుట న్యాయము.

ఇటీవల మా బజారు దుకాణములందు ఒక నలుపు తెలుపుల గళ్ల బట్ట తఱచుగా కనబడుచున్నది. కుర్తాగుడ్డగా, రవికగుడ్డగా, చున్నీగా అమ్ముచున్నారు. దానిని హౌండ్స్‌టూత్ అందురు. వేటకుక్క పన్ను అని ఆ మాటకు అర్థము. గడి అంచులు తిన్నగా నుండక కోఱలవలె మొనలుదేరి యుండుటచే దానికా పేరు కలిగినది.

ఈ గడి స్కాట్లండు దేశపు పల్లపుభూములలోని గొఱ్ఱెలకాపరుల ఉన్నిబట్టలనుండి లోకమునకు వచ్చినది. అంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము స్వీడను దేశమున దొరకినది. గేరుమ్ అను చోట 1920వ సంవత్సరమున బురదనేలలో బయల్పడిన ఉన్నికప్పడము క్రీస్తుపూర్వము 360కిని 100కిని నడుమ నేసినదని పండితులు నిర్ణయించిరి. దానిమీదను ఇట్టి పంటిగడులే యున్నవి. కాపరి కప్పుకొన్న ఈ గళ్లే ఇరువదవ శతాబ్దపు నడుమ పారిస్ నగరమున క్రిస్టియన్ డియోర్ వంటివారి చేతులలో ధనవంతుల వేషమైనవి. మన తెలంగాణమున కురుమవారు దక్కను నల్లగొఱ్ఱెల ఉన్నితో నేయు గొంగడియు కాపరి బట్టయే. వానకు, చలికి, ముండ్లకు ఓర్చు బట్టయే. దానిని మూలకు త్రోసి, పరదేశపు కాపరి గళ్లను మాత్రము నాగరికతయని నెత్తిన బెట్టుకొనుట వివేకము కాదు. రెండును పనిచేయువాని బట్టలే యని గుర్తించుట వివేకము.

ఈ గడిలోని రహస్యము అద్దకములో లేదు, నేతలో నున్నది. పడుగున నాలుగు నల్లపోగులు, నాలుగు తెల్లపోగులు, పేకలోను అట్లే. ఇంతవఱకు మన గళ్ల చీరకును దీనికిని భేదము లేదు. కాని సాదానేతలో పేకపోగు ఒక పడుగుపోగు మీదుగా, ఒకదాని క్రిందుగా పోవును. అందుచే గడి అంచు తిన్నగా నిలుచును. దీనిలో రెండింటి మీదుగా, రెండింటి క్రిందుగా పోవుచు, వరుసవరుసకు ఒక్కొక్క పోగు ప్రక్కకు జరుగును. ఆ యేటవాలు నడకచే గడి అంచు మెట్లుమెట్లుగా విఱిగి పండ్లుగా మారును. అదే నూలు, అదే లెక్క. నడక మారినచో రూపు మారినది.

దుకాణములోని బట్ట నేసినదో, అచ్చువేసినదో కొనకముందే తెలిసికొనవలెను. త్రిప్పి చూచినపుడు వెనుకవైపునను గడి అంతే స్పష్టముగా నున్నచో చాలవఱకు నేసినదని తలపవచ్చును. సందేహము తీఱవలెనన్నచో అంచునుండి ఒక పోగు లాగి చూడుడు. నేసినదైనచో పోగు కొసవఱకు నలుపో, తెలుపో యుండును. అచ్చుదైనచో ఒకే పోగు కొంత నల్లగాను, కొంత తెల్లగాను కనబడును. అచ్చుబట్ట కొనరాదని కాదు. నేతకు ఈయవలసిన వెల అచ్చుకు ఈయరాదు. మఱియొక జాగ్రత్త: తడిపిన తెల్లగుడ్డతో మూలను రుద్ది చూడవలెను. నలుపు దిగునట్టిదైనచో మొదటి ఉతుకులోనే తెలుపు బూడిదవన్నెకు తిరుగును.

ఇక ధరించు విధము. ఈ గడికి స్వభావముచేతనే చూపును లాగు గుణము కలదు. కావున ఒంటిమీద ఒక్కచోటనే దానికి తావీయవలెను. కుర్తా గళ్లదైనచో సల్వారు, చున్నీ ఒకే వన్నెవి కావలెను. చున్నీ పసుపుపచ్చనో, ఎఱుపో యైనచో నలుపు తెలుపులకు ప్రాణము వచ్చును. రవిక గళ్లదైనచో చీర సాదాది కావలెను. సిద్దిపేట గొల్లభామ చీరమీదికి ఈ రవిక తగదు. అంచున గొల్లభామలు వరుసదీరి నడచుచుండగా చేతులమీద కోఱలు మెఱయుట రసభంగము. పుట్టపాక తేలియా రుమాలు చున్నీకిని ఇదే మాట. నూనెలోను, బూడిదనీటిలోను నూలు నానవేసి, ఎఱుపు నలుపు తెలుపులతో నేసిన ఆ చదరములకు వేఱు గడి తోడక్కఱలేదు.

ప్రతిదినపు వాడుకకు చిన్నగడి మేలు. నాలుగడుగుల దూరమున అది బూడిదవన్నెగా కలిసిపోయి కంటికి నెమ్మది గొల్పును. దారిదుమ్ము త్వరగా కనబడదు. బస్సులో నలిగిన ముడుతయు మఱుగుపడును. పెద్దగడిలో ఈ సౌఖ్యములేవియు లేవు. పైగా ప్రక్కకుట్టులయొద్ద గడికి గడి కలియవలెనన్నచో దర్జీకి అరమీటరో, అంతకంటె నెక్కువయో అధికముగా ఈయవలసివచ్చును. కలుపక కుట్టినచో విఱిగిన పండ్లవలె కనబడును.

ఇంతవఱకు చెప్పినది కంటికి సంబంధించినది. అసలు చిక్కు కంటిలో లేదు, మనస్సులో నున్నది. మన పెద్దలలో పలువురు నలుపును అశుభమందురు. కొన్ని కులములలో తెలుపును భర్త పోయిన స్త్రీకి కేటాయించిరి. కాగా ఈ రెండును కలిసిన బట్ట ఎవరికి తగును? ముత్తైదువకు శంక, విధవకు నింద!

నాకు చిన్నమ్మ వరుసయైన యొకామె ముప్పదియైదవ యేట భర్తను గోల్పోయినది. నాటినుండి పండ్రెండేండ్లు ఒక వసతిగృహమున వంటపని చేసి యిద్దఱు బిడ్డలను చదివించినది. ఆ పండ్రెండేండ్లును వెలిసిన సాదా చీరలే కట్టినది. కుమార్తెకు ఉద్యోగము వచ్చిన నెలలో తల్లికి చిన్నగడుల రవిక యొకటి, నీలపు నూలుచీర యొకటి తెచ్చినది. “నాకెందుకు బిడ్డా ఈ సోకులు?” అని ఆమె పెట్టెలో పెట్టినది. “సోకు కాదమ్మా, మసి కనబడదని తెచ్చిన” అని కూతురనగా, ఆ కారణము మీద ఆమె దానిని తొడిగినది. కోరికచేత కాదు, మసి సాకుచేత! ఒక మంచి రవిక తొడుగుకొనుటకు కష్టించి బ్రదుకు స్త్రీకి సాకు వెదకుకొనవలసిన గతి పట్టినదిగదా యని నాకు దుఃఖము కలిగినది.

ఇరుగుపొరుగువారు వారము దినములు గుసగుసలాడిరి. పిమ్మట ఒకరిద్దఱు ఆ గుడ్డ యెక్కడ దొరకునని అడిగిరి. అంతమాత్రమున లోకము మాఱలేదు. ఆ సంవత్సరమే బంధువుల యింట పెండ్లిలో పసుపు కుంకుమలు పంచువేళ ఆమె వెనుకవరుసలోనే కూర్చుండినది. ముందునకు రమ్మని ఒక్కరును పిలువలేదు. వితంతువులకు పునర్వివాహాధికారమిచ్చిన చట్టము 1856లో వచ్చినది. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11వ తేదీన జరిపించిరి. చట్టము వచ్చి నూటయఱువదియేండ్లు దాటిన పిమ్మటను, విధవ రవికమీది గడిని లెక్కించువారు మన వీథులలో నున్నారు.

బట్ట సంస్కారమును తేజాలదు. ఈ గళ్లు తొడిగినంతమాత్రమున ఎవరును స్వతంత్రులు కారు. తొడుగనంతమాత్రమున వెనుకబడినవారును కారు. అంగడివాడు ఈ యేడు ఇది క్రొత్తదని చెప్పును, వచ్చు ఏడు ప్రాతదని చెప్పును; వాని మాటకు లోబడుట శకునమునకు లోబడుటకంటె మేలు కాదు. బట్ట యెంచునపుడు మూడు ప్రశ్నలు చాలును: ఇది నా పనికి ఒదుగునా? నా సంపాదనకు తగునా? నా కంటికి ఇంపా? నాలుగవ ప్రశ్న, ఇది నా స్థితికి తగునా యనునది, ఇతరులు మన నోట పెట్టినది. దానిని మన యింటి ఆడపడుచులచేతను, కోడండ్రచేతను, ముఖ్యముగా భర్త పోయిన తల్లులచేతను పలికింపకుండుట గృహస్థుల ధర్మము. వచ్చు పండుగకు ఇంటిల్లిపాదికి బట్టలు తెచ్చునపుడు, అట్టి తల్లి యున్నచో, ఆమెనుగూడ దుకాణమునకు తోడ్కొనిపోయి, ‘నీకేది యిష్టము?’ అని అడుగుడు. ఆమె మొదట సమాధానము చెప్పలేకపోవచ్చును. తొందరపడక వేచియుండుడు.