పై కాలవ, కింది కాలవ

పోయిన నవంబరులో నేను న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరున్నాను. ఒకరోజు పొద్దున్నే అల్లుడు ఆఫీసుకి వెళ్తూ, "అత్తయ్యగారూ, ఇవాళ గట్టర్లు శుభ్రం చేసేవాళ్ళొస్తారు. డబ్బులు టేబుల్ మీద కవర్లో పెట్టాను, ఇచ్చేయండి" అన్నాడు. గట్టరు అనగానే నా కొంగు నాకు తెలియకుండానే ముక్కు దగ్గరికి వెళ్ళింది. అరవై ఏడేళ్ళ అలవాటు మరి!

అక్కడ గట్టరంటే నేలమీది మురుగు కాదు. ఇంటికప్పు అంచు పొడుగునా బిగించిన అల్యూమినియం కాలవ. కప్పు మీద పడ్డ వాననీళ్ళు అందులోకి జారి, మూలల్లో ఉన్న గొట్టాల్లోంచి దిగి, ఇంటికి ఎడంగా పోతాయి. ఆకురాలే కాలంలో ఓక్, మేపుల్ ఆకులు పడి కుళ్ళి అడ్డుపడితే నీళ్ళు పొర్లి, పునాది పక్కనే ఇంకి, బేస్‌మెంటులోకి దిగుతాయి. చలికాలంలో అదంతా గడ్డకడితే ఆ బరువుకి కాలవే ఊడిరావచ్చు. అందుకని ఏడాదికి ఒకటి రెండుసార్లు డబ్బిచ్చి శుభ్రం చేయిస్తారు. మా అమ్మాయి వాళ్ళ రెండంతస్తుల ఇంటికి నూటయాభై డాలర్లు.

వచ్చింది భార్యాభర్తలు. ఈక్వడార్ నుంచి వచ్చారట. అతను పొడుగాటి నిచ్చెనెక్కి, నడుముకి తాడైనా లేకుండా, ఒక చేత్తో అంచు పట్టుకుని రెండో చేత్తో కుళ్ళిన ఆకులు దోసిపోస్తున్నాడు. ఆమె కింద నిచ్చెన పట్టుకుంటోంది. అతను దిగి నిచ్చెన జరిపినప్పుడల్లా కిందపడ్డ నల్లటి ముద్దని సంచుల్లోకి ఎత్తుతోంది. కిటికీలోంచి చూస్తుంటే, అది అచ్చం మా సైడు కాలవ పూడికలాగే ఉంది.

కాసేపటికి బెల్లు మోగింది. ఆమె. వచ్చీరాని ఇంగ్లీషులో, "బాత్‌రూమ్, ప్లీజ్" అంది.

నేను తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపో కాదు, రెండు మూడు క్షణాలు. ఆ తర్వాత పక్కకి జరిగాను. ఆమె బూట్లు బయటే విప్పి, వేళ్ళ మీద నడుచుకుంటూ లోపలికి వెళ్ళింది. ఆమె వెళ్ళిపోయాక నేను చేసిన పని ఇంతవరకూ అమ్మాయికి కూడా చెప్పలేదు. వెళ్ళి బాత్‌రూమ్ చూశాను. సింకు అంచు మీద నీటిచుక్కలు కూడా లేకుండా తుడిచి పెట్టింది.

ఆ రెండు మూడు క్షణాలూ ఎక్కడివి? అమెరికావి కావు. విజయవాడ నుంచి నాతో వచ్చినవే.

విజయవాడలో మా సొంతింటి గోడ పక్కన సైడు కాలవుంది. మునిసిపాలిటీ వాళ్ళు ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి, ఏటా వానలకి ముందు మేమే ఇద్దరిని పిలిపించి పూడిక తీయించేవాళ్ళం. వాళ్ళూ భార్యాభర్తలే. అతను మోకాళ్ళలోతు దిగి పారతో ఎత్తిపోస్తే, ఆమె తట్టకెత్తుకుని వీధి చివరికి మోసేది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండయ్యేది. ప్రహరీ గూట్లో బోర్లించిన గ్లాసుల్లో టీ. పై నుంచి పోసేదాన్ని, అంచుకి గిన్నె తగలకుండా. అదే చేత్తో కాలేజీలో జాషువా 'గబ్బిలం' పాఠం చెప్పాను. పిల్లలు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. నేనూ తుడుచుకునేదాన్ని.

గ్లాసుల సంగతి ఆలస్యంగానైనా సిగ్గుపడి మానేశాను, ఒకటి రెండు సభల్లో చెప్పుకున్నాను కూడా. కానీ ఎనిమిది నుంచి రెండు దాకా ఆమె ఎక్కడికి వెళ్ళేదన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఒక ఏడు కడుపుతో వచ్చింది. అప్పుడూ రాలేదు. ఆ ఎండలో మంచినీళ్ళిస్తే "వొద్దమ్మగారూ" అనేది. మొహమాటం అనుకున్నాను. నీళ్ళు తాగితే ఎక్కడికి వెళ్ళాలో తెలియకే తాగలేదని న్యూజెర్సీలో, ఆ తలుపు దగ్గర అర్థమైంది. స్త్రీల ఆరోగ్యం గురించి వ్యాసాలు రాసినదాన్ని!

చట్టాలు లేకపోలేదు. మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకటి, మురుగు గోతుల్నీ సెప్టిక్ ట్యాంకుల్నీ కలుపుతూ 2013లో మరొకటి వచ్చాయి. మురుగులో దిగి చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవే. అయితే ఈ లెక్క చావు దగ్గర మొదలవుతుంది. ఒడ్డున తట్ట పట్టుకుని, రోజంతా దాహం చంపుకుని నిలబడే ఆడమనిషి ఏ లెక్కలోకీ రాదు.

అక్కడంతా సమానమేనని నేననడం లేదు. అతను నిచ్చెన మీంచి పడితే ఎవరు చూస్తారని అడిగితే అమ్మాయి దగ్గర జవాబు లేదు. పై కాలవైనా కింది కాలవైనా దిక్కులేనివాళ్ళే ఎక్కాలి, దిగాలి. కానీ ఈక్వడార్ ఆమె నా తలుపు కొట్టి అడగగలిగింది. నేను ఆగిన ఆ క్షణాలకి అర్థం ఆమెకి తెలియదు. మా వీధిలో పనిచేసిన ఆమెకి తెలుసు. అందుకే ఎన్నడూ అడగలేదు.

ఈ మే నెలలో పూడికకి వాళ్ళ కొడుకూ కోడలూ వచ్చారు. వాళ్ళని పిలవడమే తప్పేమోనని రెండురోజులు ఆలోచించి, చివరికి బూట్లూ గ్లౌజులూ కొనిపెట్టి పిలిచాను. సమాధానపడ్డానని చెప్పలేను. ఆ అమ్మాయి పేరడిగాను. వాళ్ళత్తగారి పేరు ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. "లోపల బాత్‌రూమ్ ఉందమ్మా, వాడుకో" అన్నాను.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఎదురుచూసిన కృతజ్ఞత లేదందులో. "ఒద్దులెండమ్మగారూ, అలవాటే" అంది.

మంచినీళ్ళు మాత్రం తాగింది. సగం గ్లాసు.