టిక్కీలా? గది నంబరా?

గుంటూరు మిర్చి యార్డులో తుమ్మనివాడూ, సీ భాషలో ప్రోగ్రాం రాస్తూ వార్నింగు చూడనివాడూ ఉండరు. తేడా ఒక్కటే. తుమ్మినవాడు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుంటాడు. వార్నింగు చూసినవాడు "నడుస్తోందిగా, ఇంకేం?" అంటాడు. నేనూ ఆ కోవలోవాణ్ణే.

మా మేనమామకి వాటా ఉన్న ఓ కోల్డ్ స్టోరేజీకి లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు పేరు, టిక్కీలు ఎన్ని, ఏ గదిలో ఉన్నాయి - ఇంతే సంగతులు. రికార్డు మెమరీలో ఎక్కడుందో చెప్పే పాయింటరుని తీసుకెళ్లి, ఓ మామూలు పూర్ణాంకంలో దాచాను. "పాయింటర్ని అంకె చేస్తున్నావు, కాస్ట్ లేదు" అంది కంపైలరు. ఓ కాస్ట్ తగిలించి దాని నోరు మూయించాను. 32 బిట్ల యంత్రంలో రెండూ 4 బైట్లే కాబట్టి ఏళ్లతరబడి నడిచింది.

తర్వాత 64 బిట్ల యంత్రం వచ్చింది. దానికోసం మళ్లీ కంపైల్ చేస్తే "సైజులు వేరు" అని మళ్లీ గొణిగింది. సీజను తొందరలో వినలేదు. మార్చి నెల, గేటు బయట ట్రాక్టర్ల బారు. రసీదు అనగానే ప్రోగ్రాం కుప్పకూలింది!

పర్చూరు వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన పత్తిలో పోయింది మిరపలో రాబట్టుకోవాలని చూస్తున్నాడు. ఆ రసీదు చూపిస్తేనే బ్యాంకులో అప్పు. రాత్రంతా బస్తాల మీదే కూర్చున్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మామయ్య చేత్తోనే రసీదులు రాస్తూ అడిగాడు: "ఏరా అబ్బాయ్, జబ్బేంటి?"

చెప్పాను. చిరునామాకి 8 బైట్లు కావాలి, నేనిచ్చిన గడిలో 4 బైట్లే పట్టాయి, పైసగం ఊడిపోయింది.

"అంటే 1312వ నంబరు అరని, గడి చాలక 12 అని రాసుకున్నావు. పోయి చూస్తే గోడ. అంతేనా? అసలు టిక్కీల లెక్క కూడుకునేది, అర నంబరు వెతుక్కునేది. రెండిటికీ ఒకే గడి ఎట్టా పెట్టావురా?"

నా బుర్రకెక్కనిది ఆయన బొడ్డులో కలానికి తెలుసు!

తప్పు నాది, కానీ అలవాటు పాతది. సీకి ముందున్న బీ భాషలో రకాలే లేవు. అంకైనా చిరునామా అయినా ఒకే మాట. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీకి రకాలు పెట్టినా, అప్పటి పీడీపీ-11 యంత్రంలో రెండూ 16 బిట్లే. 1999 ప్రమాణం చిరునామా పట్టేంత పూర్ణాంకాన్ని, యుఇంట్‌పీటీఆర్‌_టీని ఇచ్చింది. 2024లో వచ్చిన జీసీసీ 14, కాస్ట్ లేని ఈ కలగాపులగాన్ని వార్నింగుతో సరిపెట్టకుండా తప్పుగానే తీసుకుంటుంది. కాస్ట్ పెడితే మాత్రం మన ఖర్మకి వదిలేస్తుంది.

తెల్లారేలోగా కాస్టులన్నీ పీకేశాను. పాయింటరు ఉన్నచోట పాయింటరే ఉంచాను. దాచుకోవాల్సిన చోట చిరునామా మానేసి, పట్టికలో వరస నంబరు పెట్టాను. ఒక్క వార్నింగూ లేదు.

పెద్దాయన రసీదు రెండుసార్లు చదువుకుని, "ఇది టిక్కీలేగా నాయనా?" అని అడిగాడు.

కంపైలరు అడిగిందీ అదే ప్రశ్న. దానికి మాత్రం నేను జవాబు చెప్పలేదు.