ముందు మూత చూడండి

నీటి మధ్యలో మోటారు ఆగిందంటే చాలామంది చెయ్యి తాడు మీదికే పోతుంది. లాగుతారు, మళ్లీ లాగుతారు, చెయ్యి నొప్పెట్టాక పానా తీసి కార్బురేటర్ విప్పడం మొదలెడతారు. ఊగే పడవలో విప్పిన చిన్న మర ఒక్కటి నీళ్లలో పడిందా, ఇక తెడ్డే గతి. పడవ వెనక తగిలించుకునే ఈ చిన్న మోటార్లలో జబ్బు చాలాసార్లు ఇంజిన్ దాకా పోనేపోదు. ట్యాంకు మూత దగ్గర మొదలై ఇంజిన్‌కి తగిలే రబ్బరు పైపు కొస లోపలే ఎక్కడో ఉంటుంది.

మోతీనగర్‌లో ఉంటూ పడవ మోటార్ల సంగతేమిటని మీకు అనిపించవచ్చు. ఎర్రగడ్డకీ బోరబండకీ దగ్గర్లోని మా కాలనీలో సినిమా పనివాళ్లు చాలామంది అద్దెకుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. తెలుగు సినిమాకి గోదావరి మీద మోజు తీరదు. 1964లో ‘మూగ మనసులు’, 1973లో ‘అందాల రాముడు’, 2006లో ‘గోదావరి’. ఇవాళ ఏ నదిలో షూటింగ్ పెట్టినా తెర మీద కనిపించే పడవ ఒకటైతే, కనిపించనివి రెండు మూడుంటాయి: కెమెరాది, సామాన్లది, ఎవరైనా నీళ్లలో పడితే అందుకోవడానికి సిద్ధంగా ఉండేది. ఆ కనిపించని పడవలు చూసుకోవడం నా పని. ఫిల్మ్‌నగర్ ఆఫీసు నుంచి ఫోనొస్తే మోటార్లు డీసీఎంలో ఎక్కించి బయల్దేరతాం.

ఒకసారి పట్టిసీమ రేవులో మోటారు ఒక్క లాగుకే అందుకుంది. ఒడ్డు విడిచి జోరు పెంచాక కాసేపటికి నీరసపడి ఆగిపోయింది. మళ్లీ లాగితే అందుకోవడం, మళ్లీ ఆగడం. మాతో పాత లాంచీ సరంగు ఒకాయన ఉన్నారు. ఆయన మోటారు వంక చూడనైనా లేదు. “ముందు మూత సూడండి బాబూ” అన్నారు. ట్యాంకు మూత మీద గాలి కోసం చిన్న మర ఉంటుంది. దారిలో పెట్రోలు ఒలక్కుండా యూనిట్ కుర్రాళ్లు దాన్ని బిగించారు, రేవులో వదులు చెయ్యలేదు. దాన్ని రెండు చుట్లు తిప్పగానే ట్యాంకు బుస్సుమని గాలి పీల్చుకుంది. పెట్రోలు ఎంత బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలి. రాకపోతే లోపల పీడనం పడిపోయి పంపు ఎంత గుంజినా పెట్రోలు రాదు. ఒడ్డున బాగా నడిచిందంటే కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు పుణ్యమే.

మూత తర్వాత చూడాల్సింది పైపు మధ్యలో ఉండే రబ్బరు బుడ్డ. బీపీ చూసేటప్పుడు డాక్టరు నొక్కేదాని లాంటిదే. దాని మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకోవాలి. కొన్ని నొక్కుళ్లకు అది గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి చొరబడుతోంది, లేదా బుడ్డలోని వాల్వు పాడైంది. మోటారు నడుస్తుండగా బుడ్డ చదునుగా అతుక్కుపోతే ట్యాంకు వైపున దారి మూసుకుపోయింది: గాలి మరో, లోపలి జాలీనో, మడత పడ్డ పైపో. ఇక మోటారు ఆగిపోబోతున్నప్పుడు బుడ్డ నొక్కితే తేరుకుంటోందా? అయితే నిప్పురవ్వ బాగానే ఉంది, పెట్రోలే అందడం లేదు. స్పార్క్ ప్లగ్గు జోలికి పోకండి. పైపు అతుకులు చూసి, అవి బాగుంటే పంపు మూత విప్పి డయాఫ్రమ్ చూడండి. పల్చటి ఆ పొర చిరిగినా, బిరుసెక్కినా పంపు గుంజలేదు.

గాలి చొరబడే జబ్బు చాలామందిని ముప్పుతిప్పలు పెడుతుంది. పైపు కారుతుంటే చెయ్యి తడవాలి కదా అనుకుంటాం. మోటారు నడిచేటప్పుడు ఆ పైపులో ఉండేది గుంజుడు. చిల్లులోంచి గాలి లోపలికి పోతుందే గాని పెట్రోలు చుక్క బయటికి రాదు. అందుకే మోటారు ఆపి, బుడ్డ గట్టిగా నొక్కి పట్టి, ప్రతి అతుకూ వేలితో తడమాలి. అప్పుడు తడి తేలుతుంది. ఎక్కువగా దొరికేది ఇంజిన్‌కి తగిలించే కప్లింగ్ లోపల అరిగిన ఓరింగ్. ఎండకు పైపు లోపలి పొర ఊడి వేలాడితే మాత్రం కంటికి కనపడదు, చేతికీ తెలియదు. ఇంకో మంచి ట్యాంకూ పైపూ తెచ్చి తగిలించి చూడటమే మార్గం. మోటారు హాయిగా నడిస్తే ఇంజిన్‌కి ఏ దోషమూ లేనట్టే. పైపుకి అతుకులు వెయ్యకండి, మార్చెయ్యండి. ఇదంతా ఆరుబయట, దగ్గర్లో బీడీ లేకుండా చూసుకుని చెయ్యాల్సిన పని.

పెట్రోలు సంగతి కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కి నీటిని పీల్చుకునే గుణం ఉంది. హద్దు దాటితే నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. పీల్చే గొట్టం నోరు ఉండేదీ అక్కడే. పాత రబ్బరునీ ఇథనాల్ ఉబ్బిస్తుంది. మూతా పైపూ బాగున్నా మోటారు మొరాయిస్తే ట్యాంకు అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలోకి తీసి కాసేపు కదలకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపించిందంటే ఆ పెట్రోలు పనికిరాదు.

షూటింగ్‌లో మోటారు ఆగితే ఒక షాటు పోతుంది, ఎవరో కేకలేస్తారు, అంతే. వరదలో అలా కాదు. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు టోలీచౌకీ వైపు కాలనీల్లోకి పడవలొచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు జనం ఎదురుచూసింది పడవ కోసమే. వరద పడవల మోటార్లు ఏడాదిలో ఎక్కువ కాలం షెడ్డులో పడుంటాయి. కిందటేటి పెట్రోలు ట్యాంకులోనే ఉండిపోతుంది. కార్బురేటర్ గిన్నెలో మిగిలింది ఆవిరై జిగురు కడుతుంది, సన్నటి జెట్టు పూడిపోతుంది. షెడ్డులో పెట్టేముందు పైపు ఊడదీసి, ఇంజిన్‌ని నీటి తొట్టిలో ఆగేదాకా నడిపించి, గిన్నె కింది మర విప్పి మిగిలింది వంచేస్తే ఈ తిప్పలుండవు.

వరద పడవలు మీ అజమాయిషీలో ఉంటే, అది మున్సిపాలిటీయే కానీండి, అగ్నిమాపక కేంద్రమే కానీండి, మే నెలలోనే ఒక రోజు కేటాయించండి. పాత పెట్రోలు వంపి కొత్తది పోయించండి, పైపులూ బుడ్డలూ నొక్కి చూడండి, ప్రతి పడవకీ ఒక పైపు, ఒక బుడ్డ, నాలుగు ఓరింగులు అదనంగా కొని ఉంచండి. ఆ తర్వాత మోటారుని తొట్టిలో కాకుండా చెరువులో, పడవ నిండా మనుషులతో, పూర్తి జోరు మీద పావుగంట నడిపించండి.