హీరోగారి డూపు, మోకాలెత్తు అల

డూపు అంటే మీకు ఫైటింగులే గుర్తొస్తాయి. గుర్రం మీంచి పడేవాడు, అద్దం బద్దలు కొట్టుకుని బయటికి దూకేవాడు... నేనూ డూపునే, కాకపోతే నీళ్ళలో! హీరోగారు అల మీద నిలబడి దూసుకొస్తోంటే మీరు ఈల వేశారనుకోండి, ఆ వెనకనుంచి కనిపించే వీపు నాది కావచ్చు. కావచ్చు అని ఎందుకన్నానంటే, ఇంతవరకూ కాలేదు గనక!

రెండేళ్ళ క్రితం మాట. జనవరి నెల, మా విశాఖ రుషికొండ బీచి. పాటలో నాలుగు సెకన్ల షాటు. యూనిట్ అంతా ఒడ్డున గొడుగుల కింద కూచుంది. సముద్రం చూస్తే చెరువులా ఉంది. మా తీరానికి బలమైన అలలు వచ్చేది నైరుతి రుతుపవనాల రోజుల్లో. జనవరిలో వచ్చేవి మోకాలెత్తు, మహా అయితే తొడ ఎత్తు. ఈ ముక్క మేనేజరుగారికి ముందే చెప్పాను. "ఉన్నదాంట్లో లాగించెయ్యవయ్యా!" అన్నారాయన.

నా బోర్డు 6 అడుగుల 1 అంగుళం. సన్నగా, ముక్కు పైకి లేచి, కత్తిలా ఉంటుంది. వానాకాలం అలల్లో దానికి తిరుగు లేదు. ఆ రోజు మాత్రం నిలబడ్డ ప్రతిసారీ నన్ను తీసుకుని మునిగింది. పదకొండు సార్లు లేచాను, పదకొండు సార్లూ కూలబడ్డాను. గొడుగు కిందనుంచి ఎవరో "ఈయన చేసేది సర్ఫింగా, స్నానమా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆఖరికి ఆ నాలుగు సెకన్లూ హీరోగారు బోర్డు చంకన పెట్టుకుని ఇసకలో నడిచారు. పాట హిట్టయింది కూడానూ! హాల్లో ఆ పాటొస్తే నేను బయటికెళ్ళి టీ తాగొచ్చేవాణ్ణి.

మొన్న సంక్రాంతికి మళ్ళీ ఫోన్. వేరే కంపెనీ, వేరే హీరో, అదే బీచి, అదే జనవరి! షూటింగు పది రోజుల్లో. ఒప్పేసుకున్నాను. ఒప్పుకున్నాక భయం పట్టుకుంది. ఈసారీ నవ్వులపాలైతే ఇంక నన్ను పిలిచేదెవరు? ఫ్రిజ్ కోసం దాచిన డబ్బు తీసి (దయచేసి ఈ పేజీ మా ఆవిడ కంట పడనివ్వకండి) చిన్న అలల బోర్డొకటి తెప్పించాను.

5 అడుగుల 6 అంగుళాల పొడవు, 21 అంగుళాల వెడల్పు. తోక చేపతోకలా రెండుగా చీలి ఉంటుంది. అందుకే దీన్ని 'ఫిష్' అంటారు. 1960ల చివర్లో అమెరికాలో, శాన్ డియాగోలో స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ళ మీద కూచుని అలలెక్కడానికి చేసుకున్న బోర్డు ఇది. ఈ చేపనుంచి నేర్చుకుని రెండు రెక్కల బోర్డు తయారుచేసుకున్న ఆస్ట్రేలియా మొనగాడు మార్క్ రిచర్డ్స్, 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

పాత బోర్డు 27 లీటర్లు, ఇది 35. లీటర్లంటే లోపల నీళ్ళున్నాయని కాదు! పూర్తిగా ముంచితే అంత నీటిని పక్కకి తోస్తుందన్న మాట. అంటే నా 72 కిలోల్లో మరో ఎనిమిది కిలోలు సముద్రమే మోస్తుంది. అడుగున వంపు కూడా తక్కువ. నీరసంగా వచ్చే అల సైతం దీన్ని తొందరగా ఎత్తుకుంటుంది.

చెప్పుకోడానికి బాగానే ఉంది. ఎక్కితే కదా తెలిసేది!

తెల్లవారి ఆరింటికి బీచికెళ్ళి, ఇసకలో కూచుని బోర్డుకి మైనం రుద్దుతున్నాను. వల బాగుచేసుకుంటున్న జాలరి తాత తల తిప్పి చూశాడు.

"పలక ఇరిగిపోనాదేటి బావూ? సగమే అట్టుకొచ్చినావు!"

"కొత్తది తాతా. పొట్టిదే."

"మా తెప్ప దుంగ లాగుందిలే. తేల్తాది." మళ్ళీ వల మీదికి వంగాడు.

గాలి ఇంకా నేలమీంచి సముద్రం వైపే వీస్తోంది. నీళ్ళు గాజులా ఉన్నాయి. మొదటి అలకి అలవాటుకొద్దీ ముందుకి జరిగి పడుకున్నాను. ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుంది, నేను దానిమీంచి పల్టీ కొట్టాను. రెండోసారి ఓ జానెడు వెనక్కి జరిగాను. నాలుగు బారలేశానో లేదో బోర్డు దానంతటదే కదిలింది! పాత బోర్డైతే ఆ అల కిందనుంచి వెళ్ళిపోయి ఉండేది. ఆ ఆశ్చర్యంలో లేవడం మరిచిపోయి, పడుకునే ఒడ్డుకొచ్చాను.

మూడోసారి లేచాను. నిలబడ్డాను! మునగలేదు! ఆ ఉత్సాహంలో వెనక కాలుతో గట్టిగా తొక్కాను. పాతదాన్ని అలా తొక్కితేనే పరిగెత్తేది. ఇది మాత్రం తోక జారి నన్ను పక్కకి విసిరేసింది. నాలుగు, అయిదు, ఆరు... అన్నీ అంతే. దానికి తొక్కుడు పనికిరాదు. నాకేమో పదేళ్ళుగా తొక్కడమే వచ్చు.

ఏడో అల మోకాలెత్తు కూడా లేదు. విసుగొచ్చి, వెనక కాలు రెక్కల మీదికి జరిపి, ఏమీ చెయ్యకుండా ఊరికే నిలబడ్డాను. అంతే! బోర్డు సర్రున అలపొడుగునా సాగిపోయింది. ఒంటి బరువు కాస్త కుడికి వాల్చితే మెల్లగా, పెద్ద వంపు తీసుకుని తిరిగింది. ఒడ్డు దగ్గర చీలమండ లోతుకొచ్చేదాకా వదల్లేదు. లెక్కపెట్టాను, తొమ్మిది సెకన్లు. వాళ్ళకి కావలసింది నాలుగే!

తాత వైపు చూశాను. చూళ్ళేదు. వల కుట్టుకుంటున్నాడు.

ఇంకో గంట ఆడాను. కుడివైపు తిరగడం వచ్చింది, ఎడమవైపు ఇంకా రాలేదు. ఇంటికెళ్ళి మేనేజరుగారికి ఫోన్ చేశాను. "షాటు తొమ్మిది లోపల పెట్టండి సార్. ఎండెక్కితే గాలి సముద్రం మీంచి తిరిగి నీళ్ళు చెదిరిపోతాయి" అన్నాను.

"తొమ్మిదికి హీరోగారు లేస్తారయ్యా!" అన్నారాయన.

రేపు బోర్డు తీసుకుని పదకొండింటికి వెళ్తున్నాను.