రైలుబండిలో సముద్రతీరమునకు

మా విస్సన్నపేటకు రైలుదారి లేదు. అందుచేత పూర్వపు మిషనెరీలు పనిచేసిన తీరపు ఊళ్లను చూడగోరినప్పుడు, ఒక బస్సు మాట్లాడుకొని, వెంట వివరములు చెప్పు మనిషిని పెట్టుకొని పోవుట మా సంఘమువారికి సులువుగా తోచును. తెల్లవారుజామున బయలుదేరుదురు. మచిలీపట్నములో నోబుల్ కళాశాల, నరసాపురములో గోదావరి రేవు చూచి, అర్ధరాత్రికి ఇల్లు చేరుదురు. ఒక్క దినములో రెండును అయిపోవును. అట్లు గాక బెజవాడ పోయి, మనంతట మనము రైలెక్కి పోవుట మంచిదా అని సంఘములో అప్పుడప్పుడు చర్చ వచ్చుచున్నది. నేను రైలుపక్షపువాడను.

మా సంఘములో ఒక వృద్ధురాలు కలదు. విధవరాలు, చదువు రాదు. మామిడితోటలలో కూలిచేసి కూడబెట్టిన డబ్బుతో బస్సుయాత్రకు పోయి వచ్చినది. ఎట్లున్నదమ్మా అని అడిగితిని. “అన్నీ చూపించారండి అయ్యగారూ. మనవాళ్లే ఒక్కరూ కనబడలేదు,” అన్నది.

ఆ మాట నన్ను చాల దినములు విడువలేదు. 1836లో ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ గారితో ఇంగ్లాండు విడిచి వచ్చినవారిలో విలియం బౌడెన్ గారు రాతిపనివారు, జార్జి బీర్ గారు చెప్పులు కుట్టువారు. భార్యలతో కూడ వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడి, గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. చెప్పులు కుట్టు మనిషి తెలుగు నేర్చుకొనుటకు ఎందరి నోటిమాట వినవలసివచ్చెనో ఆలోచించుడి. అట్టివారి ఊరిలో ఎవరితోను మాటలాడక మరలివచ్చిన యెడల మనము చూచినదేమి?

మరుసటి సంవత్సరము ఆమె మరి ఇద్దరు స్త్రీలతో కలిసి రైలులో పోయెను. గుడివాడ దాటినది మొదలు కైకలూరు, ఆకివీడు, ఉండి, దారిపొడుగునను చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మెట్టప్రాంతపువారమైన మనకు అంత నీరు చూచుటయే ఒక వింత. ఎదుటి బల్లమీద కూర్చున్న పాలకొల్లు ఆమె, “ఏ ఊరమ్మా మీది?” అని పలుకరించెను. విశ్వాసియని తెలిసినప్పుడు ముగ్గురిని తన యింటికి పిలుచుకొని పోయెను. వీరు ఆదివారపు ఆరాధన అక్కడనే చేసుకొనిరి.

ఆ సాయంకాలము అరుగుమీద స్త్రీలతో కూర్చుండి లేసు అల్లుట చూచిరి. ఆ ప్రాంతమునకు ఈ పని తెచ్చినవారు మిషనెరీలేయని బస్సులోని మనిషియు చెప్పియుండెను. ఆ లేసు విదేశములకు పోవుననియు చెప్పెను. దినమెల్ల కన్నులు పొడిచికొనినను కూలి ఎంత స్వల్పమో అతడు చెప్పలేదు. మరియా మీస్ అను జర్మను పండితురాలు ఆ లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథమే ప్రచురించి, వారి కష్టమును లోకమునకు తెలిపెను. మా వృద్ధురాలు ఆ గ్రంథము ఎరుగదు. అయినను ఆ అరుగుమీది స్త్రీల పేర్లన్నియు ఎరుగును. స్త్రీల ప్రార్థనకూటములో ఒక్కొక్క పేరు చెప్పి ప్రార్థించుచున్నది.

బందరు సంగతియు అట్టిదే. 1864 నవంబరు 1వ తేదీ ఉప్పెనలో సుమారు 30,000 మంది నశించిరని ఎవరైనను చెప్పగలరు. 1841లో వచ్చిన రాబర్ట్ నోబుల్ గారు ఒక్కసారియైనను స్వదేశమునకు పోక, ఆ ఉప్పెనకు మరుసటి యేడు అక్కడనే మరణించిరి. కాని 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను కన్నులార చూచినవారు ఆ ప్రాంతములో ఇంకను ఉన్నారు. వారు తమ కథను బస్సు హారను మ్రోగులోపల చెప్పి ముగింపలేరు.

బస్సుయాత్రను నేను తృణీకరించుట లేదు. మోకాళ్లు పట్టినవారికి, ఒంటరి ప్రయాణమునకు జంకువారికి అదియే ఆధారము. మొదట బస్సులో పోయినందుననే మా వృద్ధురాలికి ధైర్యము కలిగినది. అపొస్తలుల కార్యములు చదువుడి. త్రోయనుండి తోడివారు ఓడలో పోగా పౌలుగారు అస్సువరకు కాలినడకను పోగోరెను. కారణము లేఖనము చెప్పదు. రోమాకు పోవునప్పుడైతే శతాధిపతి వశములోనుండెను, దారియంతయు ఇతరులు ఏర్పరచినదే. అయినను ఇటలీ తీరమందలి పొతియొలీలో సహోదరులను కనుగొని, వారి యొద్ద ఏడు దినములుండెను. నేడు పొజ్జువోలి అను ఆ ఊరికి నేపుల్సునుండి రైలులో పోవచ్చును. ఖైదీకి ఏడు దినములు దొరకగా, డబ్బిచ్చి పోవు మన యాత్రికులకు ఒక్క ఊరిలో అరగంట మాత్రమేల?

పోదలచినవారు ముగ్గురు నలుగురు జతగూడి శనివారము బయలుదేరుడి. అక్కడి కాపరిగారికి ముందుగా కబురు పంపుడి. సోమవారము రావచ్చును. నరసాపురము, బందరు రెండును రైలుదారికి చివరి స్టేషనులు గనుక, చదువురానివారు సహితము ఎక్కడ దిగవలెనోయని కలతపడనక్కరలేదు. అందరును దిగునప్పుడు దిగినచాలును. మా వృద్ధురాలు ఈ సంవత్సరము బందరు పోవలెనని ఉన్నది. బస్సులో తప్ప రాలేమన్న ఇద్దరిని వెంటబెట్టుకొని పోవునట.