రుచి చూసిన సంతకం ఒక్కటే చాలదు

సిరికొండ మండలంలోని మా గూడేల నుంచి, తండాల నుంచి చాలామంది పిల్లలు చదువు కోసం హాస్టళ్లకు వెళ్తారు. పెట్టె సర్దేటప్పుడు తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేవి రెండే మాటలు: "సారూ, అక్కడ బువ్వ మంచిగ పెడతరా? పండుకోను జాగ ఉంటదా?" ఆదివాసీ ఉపాధ్యాయులం కాబట్టి ఆ ప్రశ్నలు ముందు మా దగ్గరికే వస్తాయి. జవాబు చెప్పే బాధ్యత కూడా మాదే.

2024 అక్టోబరు చివర కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో పదుల మంది పిల్లలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయ్యారు. వారిలో ఒక బిడ్డ హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ నవంబరు 25న కన్నుమూసింది. అదే నెలలో నారాయణపేట జిల్లా మాగనూరు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు వారం తిరగకముందే రెండోసారి జబ్బుపడ్డారు. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత ప్రభుత్వం ప్రతి విద్యాసంస్థలో ఆహార భద్రతా కమిటీ వేయాలని ఉత్తర్వు ఇచ్చింది. వండకముందు సరుకుల గదిని, వంటగదిని చూడాలి, వడ్డించకముందు రుచి చూడాలి అన్నది.

రుచి చూసే నిబంధన కొత్తది కాదు. 2013 జూలైలో బీహార్‌లోని ఒక పల్లె బడిలో పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. 2015 మధ్యాహ్న భోజన నిబంధనలు ఒక ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు ముందుగా తినాలని, నమూనాలను ప్రయోగశాలలో పరీక్షించాలని చెప్పాయి. ఇందులో మొదటిది రిజిస్టరులో సంతకంగా మిగిలింది. రెండోదాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

నాలుక ఉప్పూ కారం చెబుతుంది గానీ సూక్ష్మజీవుల సంగతి చెప్పలేదు. వండిన అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అందులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విషాన్ని విడుస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ట్యాంకు నీళ్ల సంగతీ అంతే. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్క వేస్తే పసుపు రంగు రావాలి. లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

తిండిని, గదిని విడదీసి చూడలేం. కప్పు కురిస్తే బియ్యం బస్తా తడిసి బూజు పడుతుంది. ఒక గదిలో పట్టనంత మందిని పండబెడితే ఒకరి గజ్జి అందరికీ అంటుతుంది. మరుగుదొడ్డిలో నీళ్లు లేకుంటే కడగని చెయ్యే కంచంలోకి వస్తుంది. గుంటలో నీరు వారం పైన నిలిస్తే దోమలు లేస్తాయి.

ఏదైనా జరిగితే మొదట పోయేది వంటామె పని. ఆమె మన అక్కో వదినో అయి ఉంటుంది. బిల్లు రాకున్నా కూరగాయలు, గుడ్లు అప్పు తెచ్చి వండిన మనిషి. ఆమెను తీసేసినంత మాత్రాన ట్యాంకు కడిగినట్టు కాదు, కప్పు బాగుచేసినట్టూ కాదు.

మన పిల్లల మౌనం ఇంకో చిక్కు. అన్నంలో పురుగు కనిపించినా పక్కకు తీసి తింటారు. చెబితే ఇంటికి పంపుతారేమోనని భయం. కడుపునొప్పిని ఇంటి భాషలో చెబితే విని అర్థం చేసుకునేవాళ్లు అక్కడ ఉండకపోవచ్చు. అందుకే మేము సెలవులకు వచ్చిన పిల్లలను మార్కుల కన్నా ముందు అడుగుతున్నాం: ఏం తిన్నావు, ఎక్కడ పండుకున్నావు, నీళ్లు ఎక్కడివి? పేరు బయటపెట్టకుండా విన్నది రాసుకుంటున్నాం.

నిజామాబాద్ జిల్లా షెడ్యూల్డ్ ప్రాంతంలో లేదు. పెసా చట్టం గ్రామసభకిచ్చిన అధికారాలు మనకు వర్తించవు. అయినా 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. బడి వంటగది, అంగన్‌వాడీ, హాస్టల్, తాగునీటి ట్యాంకు అక్కడ చర్చకు రావాలి. ఆహార భద్రతా అధికారి జిల్లా కేంద్రం నుంచి రావాలంటే ముందు ఇక్కడి నుంచి కాగితం పోవాలి.

చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ కాగితం మీరు రాయండి. ట్యాంకు ఎప్పుడు కడిగారు, నమూనా ఎప్పుడు పంపారు, గదికి ఎంతమంది, వంటామెకు జీతం అందిందా అని నాలుగు ప్రశ్నలు చాలు. తేదీ వేసి ఇవ్వండి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. మేమూ మీతో సంతకం పెడతాం.