అంటు కింది కొమ్మ

మా పని లేతాకుతో మొదలవుతుంది. మామిడి చిగురు రాగిరంగులో మెత్తగా వేలాడుతున్నప్పుడే కోసి, ఐసు పెట్టెలో పెట్టి ల్యాబుకు తేవాలి. ముదురాకు తెచ్చామా, దాని జిగురూ వగరూ డీఎన్‌ఏని పట్టుకుని ఓ పట్టాన వదలవు. వాటిని వదిలించడానికి, డీఎన్‌ఏ తీసే సీటాబ్ ద్రావణంలో మెర్కాప్టోఇథనాల్ కలుపుతాం. అది కుళ్ళిన గుడ్ల కంపు. ఇంటికెళ్ళగానే చొక్కా తిన్నగా బక్కెట్లోకే.

ఇంత తంటా పేర్ల చిక్కు విప్పడానికి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లే హైదరాబాదులో బేనిషాన్, ఢిల్లీ బజారులో సఫేదా. రసాలంటే మాత్రం ఒకటి కాదు: చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం. మన రకాల్లో చాలావాటికి టెంక నాటితే తల్లి గుణం రాదు. మొలిచిన ప్రతి మొక్కా కొత్తదే. రకం నిలవాలంటే అంటు కట్టాల్సిందే.

డీఎన్‌ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాలే వెంటవెంట మళ్ళీమళ్ళీ వస్తాయి. ఎన్నిసార్లు వస్తాయన్నది రకాన్ని బట్టి మారుతుంది. ఇవే మైక్రోశాటిలైట్ మార్కర్లు. పీసీఆర్ యంత్రంలో ఆ ముక్కను కోట్ల ప్రతులుగా పెంచి జెల్ మీద నడిపిస్తే, చిన్న ముక్క ముందుకు పరుగెడుతుంది, పెద్దది వెనకబడుతుంది. ఆ గీతలే చెట్టుకు వేలిముద్రలు. దశేరి, నీలం కలిపి పుట్టించిన ఆమ్రపాలిలో అయితే ఒక గీత తల్లిది, ఒకటి తండ్రిది కనబడాలి.

ఓసారి నూజివీడు వైపు తోటలో తీసిన చిన్నరసం నమూనాల్లో ఒక్కటి మాత్రం దేనితోనూ కలవలేదు. మూడుసార్లు చేశాం, అవే గీతలు. కొత్త రకం దొరికిందని లోలోపల పొంగిపోయాం. మళ్ళీ తోటకెళితే కౌలు రైతు అడిగాడు:

"ఏ కొమ్మ కోశారండీ?"

చూపించాను. చేతికందే ఎత్తులో, నిండా లేత చిగుళ్ళతో ఉన్న కొమ్మ. ఆయన నవ్వాడు.

"అది అంటు కిందనుంచి లేచిందండీ. నాటు టెంకది. కాసినా పీచే."

లేతాకు యావలో మొదలు చూడలేదు. మార్కరు అబద్ధం చెప్పలేదు. మేం అడిగిన కొమ్మ గురించే చెప్పింది. ఆ రోజునుంచీ నా పుస్తకంలో మొదటి గడి "అంటు పైనా, కిందా" అన్నదే.

రైతు ఆ కొమ్మ నరికేశాడు. ఆ ట్యూబును మాత్రం పారెయ్యలేదు, చీటీ మార్చి ఫ్రీజర్లో దాచాను. ఇప్పుడు ఏ తోటలో నిలబడినా ఒకటే తోస్తుంది: పైన ఎకరాలకెకరాలు ఒకే చిన్నరసం. కింద మట్టిలో, ఏ చెట్టు వేరు ఆ చెట్టుదే.